థాంక్సూ ఫిర్యాదూ ఒకే కాగితం మీద

విజయవాడ,
2024 డిసెంబరు 23.

సంపాదకులు గారికి నమస్కారం.

నేను అజిత్‌సింగ్‌నగర్‌లో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతున్నాను. డాబాకొట్ల సెంటరు నుంచి లోపలికి వచ్చే వీధుల్లో ఒకదానిలో ఉంటుంది. షాపుకి మీ పేపరే వేయించుకుంటాను. పగలు జాకెట్ల కోసం వచ్చి కూర్చున్నవాళ్ళు తిరగేస్తారు, రాత్రి షట్టరు దించాక నేను చదువుతాను. ఈమధ్య మీ పేపర్లో రెండు రకాల పేజీలు వస్తున్నాయి. ఒకటి ఏడాది సమీక్ష. ఎన్నికలు, ఒలింపిక్స్, ఈ నెల 12న సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ కావడం, కన్నుమూసిన పెద్దవాళ్ళు. రెండోది ఏడాది చివర మనసు ఎలా ఉంచుకోవాలో చెప్పే పేజీ. కృతజ్ఞత అలవాటు చేసుకోండి, ఉన్నదాంతో తృప్తి పడండి, జరిగిందాన్ని వదిలెయ్యండి, ఇలా.

మొదటి పేజీతో నాకు పేచీ లేదు. రెండోది చదివితే ఒళ్ళు మండింది. కృతజ్ఞత చెడ్డదని కాదు, ఈ ఉత్తరంలో సగం అదే. కానీ దాని పక్కన ‘వదిలెయ్యండి’ అని ఎందుకు చేరుస్తారు? సెప్టెంబరులో వరద తర్వాత మా పేటకి వచ్చిన ప్రతి పెద్దమనిషీ ఇదే మాట అన్నాడు. “ప్రాణాలు దక్కాయి కదమ్మా, అదే పదివేలు అనుకోండి.” సరే, అనుకున్నాం. అనుకున్నాక, మురుగునీళ్ళలో నానిన ఈ పరుపులు ఎవరు తీసుకెళ్తారండీ అని అడిగితే, ఇంకా ఆ గోల ఎందుకన్నట్టు చూశారు.

బయటి వూళ్ళవాళ్ళు ఈపాటికి మరిచిపోయి ఉంటారు కాబట్టి కొంచెం చెబుతాను. ఆగస్టు 31, శనివారం, రోజంతా వాన. ఆ రోజే మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు. మేమంతా టీవీలో అది చూసి అయ్యో అనుకుంటూ పడుకున్నాం. మా వైపు నీళ్ళొస్తాయని మా వీధిలో ఎవరికీ కబురు లేదు. ఆదివారం తెల్లారేసరికి బుడమేరు మా ఇళ్ళలో ఉంది. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే వాగు అది. వెలగలేరు దగ్గర దానికి రెగ్యులేటరు గేట్లు ఉన్నాయి. అక్కణ్ణుంచి డైవర్షన్ కాలవ పెట్టి వరదనీటిని ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి తిప్పుతారు. ఈసారి కృష్ణే నిండి ఉంది. కాలవ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి, నీళ్ళు ఊరి మీదికి తిరిగాయి. మర్నాడు, సెప్టెంబరు 2న, ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. బ్యారేజీ కట్టాక అంత వరద ఎప్పుడూ రాలేదట. ఈ లెక్కలన్నీ నాకు తర్వాత మీ పేపరు చదివితే తెలిసినవే. ఆ వేళ మాకు పేపరూ లేదు, కరెంటూ లేదు, ఫోన్లో చార్జింగూ లేదు.

మాది కింది వాటా. ముందు గది షాపు, వెనక రెండు గదుల్లో కాపురం. మా ఆయన ఆటోనగర్‌లో మెకానిక్కు. ఆ చీకట్లోనే కుట్టు మిషను హెడ్డు విప్పి భుజానేసుకుని మెట్లెక్కాడు. నేను అరల్లోంచి చేతికందిన బట్టలు దుప్పట్లో మూట కట్టాను. మా అమ్మాయి సర్టిఫికెట్ల ఫైలు నెత్తిన పెట్టుకుంది, మా అత్తగారు బీపీ మాత్రలు కొంగున ముడేసుకున్నారు. ఓవర్‌లాక్ మిషను, పికో మిషను, ఫ్రిజ్జు, మంచాలు, బియ్యం డబ్బా, కింది అరలో ఉన్న కస్టమర్ల జాకెట్లు అక్కడే మునిగాయి.

ఇప్పుడు నా థాంక్సులు మొదలుపెడతాను. ఎవరి పేర్లూ రాయడం లేదు. కొందరి పేర్లు నాకు తెలియవు, తెలిసినవాళ్ళు పేపర్లో పడితే సిగ్గుపడతారు. కానీ ఏం చేశారో మాత్రం రాస్తాను.

మేడమీద వదినగారు. చుట్టరికమేం లేదు, పిలుపు అంతే. వాళ్ళు క్రైస్తవులు, మేము కాదు. ఆవిడ ఇంట్లో రెండే గదులు. ఆ ఆదివారం పొద్దుటికల్లా కింది వాటాలవాళ్ళు, పక్కింటివాళ్ళు, ఎవరిదో తెలియని ఒక ముసలాయన, అందరం ఆ రెండు గదుల్లోనే. డాబా మీద వాన గొట్టం కింద బిందెలు పెట్టించి ఆ నీళ్ళు పట్టి వంట చేసింది. గ్యాసు అయిపోతుందేమోనని రోజుకి ఒక్కపూటే పొయ్యి వెలిగించింది. పసిపిల్లలకి పాలపొడి కలిపి చెంచాలతో లెక్కపెట్టి పోసింది. ఎవరినీ బతిమాలలేదు, ఎవరికీ ఓదార్పు మాటలు చెప్పలేదు. బాత్రూముకి మాత్రం లైను పెట్టి, లైను తప్పిన మా ఆయన్ని కూడా కేకలేసింది. నీళ్ళు తీశాక ఒకసారి నేను, “వదినగారూ, మీ రుణం తీర్చుకోలేను” అంటే ఆవిడకి కోపం వచ్చింది. “తీర్చుకోవడం తర్వాత, ముందు ఆ బకెట్టు ఇటు అందుకోండి” అంది. ఆవిడతో ఇంతకంటే ఎక్కువ మాట్లాడటం కుదరదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పడవాయన. ఎదురింట్లో నెలలు నిండిన అమ్మాయి ఉంది. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా తీసుకెళ్ళడానికి కొందరు ప్రైవేటు పడవలవాళ్ళు మనిషికింత అని బేరం పెట్టారు, అది కూడా చూశాను. ఈయన కృష్ణ ఒడ్డు నుంచి తన పడవతో వచ్చిన మత్స్యకారుడు. ఆ అమ్మాయిని మెట్ల మీద నుంచి దించుకుని, నీళ్ళలో మునిగిన మోటారు సైకిళ్ళు పడవకి తగలకుండా తెడ్డుతో తడుముకుంటూ తీసుకెళ్ళాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. పేరు అడిగేలోపే పడవ తిప్పుకున్నాడు. అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. ఈ ఒక్క ముక్క ఆయన చదివితే చాలు.

అందరికంటే ఎక్కువగా నేను చెప్పాలనుకున్నది చీపుర్లు, పారలు పట్టుకుని వచ్చినవాళ్ళ గురించి. నీళ్ళు తీసిన తర్వాత ఏం ఉంటుందో టీవీలో కనపడదు. టీవీలో నీళ్ళు బాగా కనపడతాయి, డ్రోన్లు భోజనం పొట్లాలు వదలడం ఇంకా బాగా కనపడుతుంది. నీళ్ళు పోయాక మిగిలేది నల్లటి ఒండ్రు బురద, దాని వాసన. చచ్చిన కోళ్ళు, కుళ్ళిన బియ్యం, డ్రైనేజీ, పాముల భయం. ఫైరింజన్లు వచ్చి గొట్టాలతో ఇళ్ళలో బురద కడిగాయి, అది మంచి ఆలోచన, ఎవరికి తట్టిందో గాని. కానీ కడిగిన బురద వీధిలోకే కదా వచ్చేది. దాన్ని ఎత్తింది వేరే వేరే ఊళ్ళ మునిసిపాలిటీల నుంచి లారీలెక్కి, బస్సులెక్కి వచ్చిన పారిశుధ్య కార్మికులు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. మా వీధికి వచ్చిన ఒకామెది రాయలసీమ యాస. నా ఈడే ఉంటుంది. మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని, “అక్కా, సూదీ దారం ఏమన్నా ఉండాయా?” అని అడిగింది. వేసుకున్న ఆరెంజి కోటు చంక దగ్గర పూర్తిగా పిగిలిపోయింది. టైలరింగ్ షాపు ముందు కూర్చుని సూది ఉందా అని అడిగింది చూడండి, బోర్డు కూడా బురద కొట్టుకుపోయి కనపడలేదు ఆమెకి. నా మిషన్లన్నీ మూలపడి ఉన్నాయి. చేత్తోనే కుట్లు దగ్గరదగ్గరగా వేసి ఇచ్చాను. వరద తర్వాత నేను కుట్టిన మొదటి కుట్టు అదే. ఆమె ఇంటి దగ్గర పిల్లల్ని తన అమ్మ దగ్గర వదిలి వచ్చిందట. తిరిగి ఎప్పుడు పంపుతారో తెలీదంది. రాత్రుళ్ళు పడుకోవడానికి చోటు ఎక్కడ ఇచ్చారో, అక్కడ దోమలు ఎలా ఉన్నాయో కూడా చెప్పింది, నవ్వుతూనే. ఆమెకి ఇచ్చిన చేతి తొడుగులు రెండూ ఎడమ చేతివే.

ఆ ఎడమ చేతి తొడుగులు నాకు ఈ ఏడాది మొత్తంలో బాగా గుర్తుండిపోయాయి. ఆమెకి థాంక్స్ చెప్పి, ఆ తొడుగుల సంగతి చెప్పకపోతే నేను చెప్పిన థాంక్సు దేనికి?

ఇక నా కస్టమర్లు. అవి శ్రావణ మాసం చివరి రోజులు, సెప్టెంబరు ఏడున వినాయక చవితి. షాపు నిండా బట్టలున్న రోజులు అవి. పెళ్ళికూతురి కోసం మగ్గం వర్క్ చేయించిన పట్టు జాకెట్టు ఒకటి, నేను కుట్టవలసిన కుట్టు అంతా అయిపోయి హుక్స్ కోసం ఆగి ఉంది. అది కింది అరలో ఉంది. ఎరుపు రంగు దిగి లైనింగంతా అంటుకుంది, జరీ నల్లబడింది. కుట్టుకూలీ కంటే వర్క్‌కి పది రెట్లు ఖర్చయిన జాకెట్టు. ఆ పెళ్ళికూతురి తల్లికి ఫోన్ చెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు, ఆవిడే వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకుని. జాకెట్టు చూసింది. కాసేపు ఏం మాట్లాడలేదు. “నీ మిషన్లు ఏమయ్యాయి?” అని అడిగింది. చెప్పాను. “ముహూర్తం ఇంకా ఉందిలే. మామూలు జాకెట్టు ఒకటి కుట్టు, పిల్లకి వర్క్ ఎక్కువైతే గుచ్చుకుంటుందని మొదటినుంచీ గోలే” అంది. కుట్టుకూలీ అడ్వాన్సుగా కూడా ఇచ్చి వెళ్ళింది. ఆ డబ్బుతో నేను మా ఊరి హోల్‌సేల్ బట్టల మార్కెట్టు వస్త్రలతకి వెళ్ళి లైనింగ్ బట్ట, దారాలు తెచ్చుకున్నాను. అక్కడ హోల్‌సేల్ షాపాయన నా పాత బాకీ అడక్కుండానే కొత్త సరుకు ఇచ్చాడు. ‘సింగ్‌నగరా?’ అని మాత్రం అడిగాడు.

ఇంకొకావిడ వచ్చి తన పట్టు జాకెట్టు ఖరీదు కట్టివ్వమంది. మూడు విడతలుగా ఇస్తున్నాను, ఇంకో విడత ఉంది. ఆవిడ మీద నాకేం కోపం లేదు. బట్ట ఆవిడది, షాపు నాది. అందరూ వదులుకోవాలని రూలేం లేదు. వదులుకున్నవాళ్ళకి థాంక్స్, అడిగినవాళ్ళది న్యాయం. వాళ్ళని విలన్లుగా చూపించి, వీళ్ళని దేవతల్ని చెయ్యడం నాకు నచ్చదు.

మిషన్ల మెకానిక్ భాయ్ సంగతి కూడా రాయాలి. ఇప్పుడు కిరసనాయిలు దొరకదు కాబట్టి డీజిల్లో నా పికో మిషను భాగాలు నానబెట్టి, ఒక్కో స్క్రూ పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించాడు. షటిల్లోంచి బురద తీయడానికి నా దగ్గరున్న హెయిర్‌పిన్నే వాడాడు. ఓవర్‌లాక్ మోటారు కాలిపోయింది, దాన్ని మాత్రం బాగుచెయ్యలేనని ముందే చెప్పేశాడు, ఆశ పెట్టి డబ్బులు గుంజలేదు. స్పేరు పార్టుల ఖర్చే తీసుకున్నాడు. అక్టోబరు 12 దసరాకి ఆ మిషనుకి బొట్టు పెట్టి, పూలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాను. ప్రతి ఏడాదీ చేసేదే. ఈసారి దాన్ని బాగుచేసినాయన్ని కూడా పిలిచి పులిహోర పెట్టాను.

డ్వాక్రా గ్రూపు లీడరు విషయం కొంచెం చిక్కు. సెప్టెంబరులో నా కిస్తీ ఆమే కట్టింది. ఆమె ఇల్లూ మునిగింది, అయినా కట్టింది. మంచి పని. కానీ అప్పటి నుంచి ప్రతి మీటింగులోనూ, “నేను కట్టాను కాబట్టి సరిపోయింది” అని నలుగురిలో అంటుంది. నవంబరుకల్లా డబ్బు తిరిగి ఇచ్చేశాను, మాట మాత్రం ఆగలేదు. సాయం తీసుకున్నవాళ్ళు ఎంత తలవంచుకుని ఉండాలో సాయం చేసినవాళ్ళు నిర్ణయిస్తే ఎలా? అలాగని ఆ నెల ఆమె కట్టకపోతే నా పేరు బ్యాంకులో చెడిపోయేది, అదీ నిజమే. రెండూ నిజమే కాబట్టి రెండూ రాసుకున్నాను.

ఎక్కడ రాసుకున్నానో చెబుతాను. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. వాళ్ళ కాలేజీలో మేడం డిసెంబరు నెలంతా రోజూ రాత్రి మూడు మంచి సంగతులు రాసుకోమన్నారట. దీని వెనక పరిశోధన ఉందట. అమెరికాలో ఎమ్మన్స్, మెకల్లో అనే ఇద్దరు ప్రొఫెసర్లు కాలేజీ పిల్లల్ని గుంపులు చేసి, వారానికోసారి ఒక గుంపు చేత తాము కృతజ్ఞతగా ఉన్న సంగతులు, ఇంకో గుంపు చేత చిరాకు పెట్టిన సంగతులు, మూడో గుంపు చేత ఊరికే ఆ వారం జరిగినవి రాయించారట. మొదటి గుంపు పిల్లలకి తమ బతుకు మీద మంచి అభిప్రాయం ఎక్కువగా కనిపించిందట. 2003లో అచ్చయిందని మా అమ్మాయి ఫోన్లో చూపించింది. నాకు నచ్చింది. దాని పుస్తకం తీసి చూశాను. మొదటి రోజు: కుటుంబం, ఆరోగ్యం, ఫ్రెండ్స్. రెండో రోజు: ఫ్రెండ్స్, కుటుంబం, ఆరోగ్యం. ఆది లేకుండా జాకెట్టు కుట్టినట్టుంది ఇది, ఎవరికీ సరిపోదు. “ఏ ఫ్రెండు, ఏం చేసింది, ఎప్పుడు?” అని అడిగితే ఆలోచించి, వరదప్పుడు హాస్టల్లో ఉన్న ఒక పిల్ల తన నోట్సులన్నీ జిరాక్సు తీయించి ఇచ్చిందని చెప్పింది. “అది రాయి మరి” అన్నాను. రాసింది. ఆ రాత్రే ఆ పిల్లకి మెసేజీ కూడా పెట్టింది.

కానీ ఆ ప్రొఫెసర్లు మంచినీ చిరాకునీ రెండు గుంపులకి పంచారు చూడండి, పరీక్ష కోసం అలాగే చెయ్యాలి కాబోలు. ఇంట్లో మనం అలా పంచుకోనక్కర్లేదు కదా. నా ఆర్డర్ల పుస్తకం వరదలో తడిసింది. కరెంటు వచ్చాక ఒక్కో పేజీ మధ్యలో పాత గుడ్డ పెట్టి ఇస్త్రీ చేసి ఆరబెట్టాను, అందులో అందరి కొలతలూ, అడ్వాన్సులూ ఉన్నాయి మరి. దాని చివరి పేజీలు ఖాళీ. వాటిలో నడిమికి గీత కొట్టి, ఎడమ పక్క చేసినవాళ్ళని, కుడి పక్క ఇంకా జవాబు రావాల్సినవాటిని రాశాను. చాలామంది రెండు పక్కలా వచ్చారు. డ్వాక్రా లీడరు వచ్చింది. మా ఆయన వచ్చాడు, ఎందుకో ఇక్కడ రాయను. ప్రభుత్వం అయితే నిండా వచ్చింది. పడవలు, ఫైరింజన్లు, బియ్యం, పప్పు, కింది వాటాల ఇళ్ళకి ఇచ్చిన 25 వేలు ఎడమ పక్క. నీళ్ళొస్తున్నాయని మా వీధికి ముందు కబురు రాకపోవడం, మొదటి రోజుల్లో భోజనం ఫ్లైఓవర్ దగ్గరి వీధుల్లోనే అయిపోయి లోపలి వీధులకి రాకపోవడం, ఎదురింటి అద్దెవాళ్ళకి ఆధార్లో పాత ఊరి అడ్రసు ఉందని పేరు ఎక్కకపోవడం కుడి పక్క. ఎడమ పక్క ఉంది కాబట్టి కుడి పక్క కొట్టెయ్యమంటే కొట్టెయ్యను. కుడి పక్క ఉంది కదా అని పడవలు రాలేదనీ అనను.

ఇలా చూసుకునే అలవాటు మాకు లేదని అప్పుడే అనిపించింది. ఉగాదికి పంచాంగ శ్రవణం వింటాం. ఈ ఏప్రిల్ 9న క్రోధి నామ సంవత్సరం వచ్చినప్పుడు గుళ్ళో కూర్చుని మా రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని శ్రద్ధగా విన్నాను. ఏడాది మొదట్లో చెప్పేవాళ్ళున్నారు. ఏడాది చివర ఏం వచ్చింది, ఏం పోయింది, పోయినప్పుడు ఎవరు పట్టుకున్నారు అని అడిగేవాళ్ళు మా ఇంట్లో అయితే లేరు. ఫాల్గుణానికల్లా పాత పంచాంగం అటకెక్కుతుంది.

వదినగారి వాళ్ళకి మాత్రం ఆ పద్ధతి ఉంది. డిసెంబరు 31 రాత్రి చర్చిలో వాచ్‌నైట్ ఆరాధన పెట్టుకుంటారు. పాటలు, ప్రార్థన, వాక్యం, మధ్యలో సాక్ష్యాలు. రెండేళ్ళ కిందట నేనూ ఆవిడ వెంట వెళ్ళాను. ఒకావిడ మైకు పట్టుకుని, తన కొడుకు బండి మీద నుంచి పడితే తోటికోడలు చేతి గాజులు తీసి ఇచ్చిందని, అంతకుముందు ఆ తోటికోడలితో తనకి మాటల్లేవని చెప్పి, దేవుడికి స్తోత్రం అంది. అంతమందిలో ఆ తోటికోడలు కూడా ఉంది, ఎక్కడ చూడాలో తెలియక చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. కొందరు మరీ పొడుగ్గా చెబుతారు, అప్పుడు పాస్టరుగారు దగ్గుతారు. అయినా ఏడాదిలో ఏం జరిగిందో నెలలతో సహా చెప్పి, చేసిన మనిషిని చెప్పి, తర్వాత దేవుణ్ణి చెప్పడం నాకు బాగా నచ్చింది. ఈసారి కూడా వదినగారు రమ్మన్నారు. ఇప్పుడు మా పేటలో ఒక పక్క మేడల మీద క్రిస్మస్ స్టార్లు, ఒక పక్క తెల్లవారుజామున ధనుర్మాసం తిరుప్పావై మైకు. వెళ్ళడానికి మా అత్తగారికి కూడా అభ్యంతరం లేదు, చలి ఎక్కువ కదా స్వెట్టరు వేసుకు వెళ్ళమంది అంతే.

సంపాదకులు గారూ, ఇప్పుడు మీతో పని. మీరు కొన్ని థాంక్సులు బాగా చెప్పారు. తుంగభద్ర డ్యాము 19వ గేటు ఆగస్టులో కొట్టుకుపోతే వెళ్ళి, గేటు బదులు నీళ్ళని ఆపే స్టాప్‌లాగులు దింపించిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారే, మన బ్యారేజీకి పడవలు గుద్దుకుని గేట్ల కౌంటర్ వెయిట్లు విరిగితే వచ్చి కొత్తవి పెట్టించారు. ఆ పెద్దాయన ఫొటో వేశారు. ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న 9 మందిని జేసీబీ నడుపుకుంటూ వెళ్ళి తెచ్చిన డ్రైవరు గురించి రాశారు. ఆ కటింగ్ నా షాపు గోడకి అంటించి ఉంది. కానీ సూది అడిగిన ఆమె గురించి గాని, మా వీధిలో నీళ్ళలో నిలబడి స్తంభమెక్కిన లైన్‌మన్ గురించి గాని ఎవరూ రాయలేదు. ఏడాది సమీక్ష పేజీల్లో ఒక్క పేజీ పాఠకులకి వదలండి. ఎవరు, ఎక్కడ, ఏం చేశారు అనేది రాసి పంపమనండి. ‘అందరికీ ధన్యవాదాలు’ అని వచ్చిన ఉత్తరాలు పక్కన పడెయ్యండి. రాసినవాళ్ళకి చెప్పాల్సిన ఫిర్యాదు ఉంటే, అదే ఉత్తరంలో ఉంటే, దాన్ని కత్తిరించకుండా వెయ్యండి.

నా కుడి పక్కన ఉన్నవాటిలో పెద్దది బుడమేరే. గండ్లు సెప్టెంబరు 7కల్లా పూడ్చారు, సైన్యం కూడా వచ్చి చేసింది, చవితి పూట గట్టు మీదే పనిచేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. ఆపరేషన్ బుడమేరు అని అప్పుడే విన్నాం. ఆక్రమణలు తీస్తామన్నారు. వాగు పక్కన ఇళ్ళు కట్టుకున్నవాళ్ళలో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళున్నారు, అప్పు చేసి కొనుక్కున్నవాళ్ళు, ఆ స్థలం వాగుదని చెప్పకుండా అమ్మినవాళ్ళ చేతుల్లో మోసపోయినవాళ్ళు. వాళ్ళని తీసేస్తే ఎక్కడ పెడతారు? తియ్యకపోతే నీళ్ళు ఎటు పోతాయి? కాలవ వెడల్పు చేసే పని ఎప్పుడు మొదలవుతుంది? గేట్లు ఎత్తేటప్పుడు రాజరాజేశ్వరీపేటకి, పాయకాపురానికి, కండ్రికకి, మా వీధికి అర్ధరాత్రి కబురు చెప్పే మనిషి ఎవరు? మైకా, సైరనా, ఫోన్లో మెసేజా? 2005లో కూడా బుడమేరు ఇలాగే వచ్చిందని మా అత్తగారు చెబుతారు. అప్పుడూ నీళ్ళు తీశాక మాటలు బాగానే చెప్పారట. జనవరి నుంచి నెలకోసారి మీ జిల్లా పేజీలో ఈ పని ఎంతదాకా వచ్చిందో రాయండి. జూన్‌లో వానలు మొదలయ్యాక రాస్తే మాకు ఉపయోగం లేదు, అప్పుడు మళ్ళీ నేను మిషను హెడ్డు విప్పాలా వద్దా అని ఆలోచించుకుంటూ ఉంటాను.

ఇంకో రెండు మాటలు. నా పేరు వెయ్యొద్దని మనవి, డ్వాక్రా సంగతి, జాకెట్టు డబ్బుల సంగతి రాశాను కాబట్టి. మా వీధిలో ఎవరు రాశారో ఎలాగూ కనిపెడతారు, అది వేరే విషయం. ఉత్తరం పొడుగైందని నాకు తెలుసు. చోటు చాలకపోతే మా అమ్మాయి పుస్తకం సంగతి, వాచ్‌నైట్ సంగతి తీసెయ్యండి, ఏమీ అనుకోను. చేతి తొడుగుల ముక్క మాత్రం ఆ రాయలసీమ ఆమె కుట్టు ముక్కతో కలిపే ఉంచండి. గండ్లు పూడ్చినవాళ్ళకి పెట్టిన దణ్ణం ఉంచి, దాని కింద అడిగిన ప్రశ్నలు తీసెయ్యాల్సి వస్తే మొత్తం ఉత్తరమే ఆపెయ్యండి.

ఇట్లు,
ఒక లేడీస్ టైలరు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ.